ఆన్రీ ద్యుత్రోషే

ఆన్రీ ద్యుత్రోషే (నవంబరు 14, 1776 - ఫిబ్రవరి 4, 1847) ఫ్రాన్సు దేశానికి చెందిన వైద్యుడు, శరీరధర్మ శాస్త్రవేత్త. కణాలలోనికి నీరు ప్రవేశించే ద్రవాభిసరణం మొక్కలలోను, జంతువులలోను ఒకే విధంగా జరుగుతుందని చూపినవాడుగా ప్రసిద్ధి చెందాడు.

జీవిత విశేషాలు

ఈయన నెయోన్ గ్రామంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. ఫ్రెంచి విప్లవకాలంలో ఆ కుటుంబం ఆస్తిని కోల్పోయింది. 1802లో ప్యారిస్‌లో వైద్యవిద్య ప్రారంభించి, 1806లో పట్టా పొందాడు. 1808లో సైనిక వైద్యుడుగా స్పెయిన్ వెళ్ళి, అక్కడ తీవ్రమైన జ్వరానికి గురై మరుసటి సంవత్సరం స్వదేశానికి తిరిగి వచ్చాడు. తరువాత షాతో-రెనో పట్టణంలో తల్లి వద్ద ఉంటూ పరిశోధనలకే అంకితమయ్యాడు.

ద్రవాభిసరణంపై పరిశోధనలు

పొర గుండా నీరు ప్రవహించడాన్ని 1748లోనే ఫ్రాన్సుకు చెందిన నొలే గమనించాడు. పంది మూత్రాశయపు పొరతో మూసిన సారాయి పాత్రను నీటిలో ఉంచగా, నీరు లోనికి చేరి పొర ఉబ్బింది. అయితే జీవకణాలలో దీనికి గల ప్రాధాన్యం అప్పట్లో గుర్తింపు పొందలేదు.

ద్యుత్రోషే కోడి పేగు ముక్కలో పాలవంటి చిక్కని ద్రవం నింపి, మూతి కట్టి నీటిలో ఉంచాడు. పేగు నీటిని పీల్చి ఉబ్బి, బరువెక్కింది. లోపలికి జరిగే ప్రవాహానికి ఎండాస్మోసిస్ అని, వెలుపలికి జరిగేదానికి ఎక్సాస్మోసిస్ అని 1826లో పేర్లు పెట్టాడు. అడుగున పొర బిగించి, పైన పొడవైన గాజు గొట్టం అమర్చిన పరికరంలో చక్కెర ద్రావణం పోసి, ద్రవం ఎంత ఎత్తుకు లేచేదో కొలిచాడు. ద్రావణం చిక్కబడినకొద్దీ ఆ శక్తి పెరుగుతుందని గ్రహించాడు.

ఆ కాలంలో ప్రాణులలోని చలనాలకు ప్రత్యేకమైన జీవశక్తి కారణమని పలువురు నమ్మేవారు. ప్రాణం లేని పొరలోను అదే ప్రవాహం కనిపించడంతో, దీనికి భౌతిక కారణమే ఉండాలని ద్యుత్రోషే వాదించాడు. ఆ కారణం విద్యుత్తు అని ఆయన మొదట ఇచ్చిన వివరణ మాత్రం నిలువలేదు. 1877లో ఫెఫర్ ద్రవాభిసరణ పీడనాన్ని కచ్చితంగా కొలిచాడు. ఆ కొలతల ఆధారంగా వాంట్ హాఫ్ దాని సూత్రాన్ని రూపొందించాడు.

వేరు కణాలు నేలలోని నీటిని గ్రహించడం, వాడిన ఆకు నీరు తగిలి బిగుసుకోవడం ఈ ప్రక్రియ వల్లనే జరుగుతాయి. వృక్షకణానికి గట్టి కణకవచం ఉన్నందున అది పగలదు. ఎర్ర రక్తకణానికి అది లేనందున మంచినీటిలో ఉబ్బి పగిలిపోతుంది.

ఇతర విశేషాలు

1831లో ఫ్రెంచి శాస్త్ర అకాడమీ సభ్యుడయ్యాడు. మొక్కలలో పత్రహరితం ఉన్న భాగాలే కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహిస్తాయని చూపాడు. 1837లో తన వ్యాసాలను సంపుటాలుగా ప్రచురిస్తూ, వాటిలో చేర్చని పూర్వరచనలను లెక్కలోనికి తీసుకోవద్దని ప్రకటించాడు. 1847లో ప్యారిస్‌లో మరణించాడు.