వడిసెల పట్టిన కవి - దావీదు

యెరూషలేముకు దక్షిణంగా కొద్ది దూరంలో బేత్లెహేము అనే ఊరు ఉంది. క్రీస్తు పుట్టిన ఊరుగా దాని పేరు మనందరం విన్నాం. క్రీస్తుకు దాదాపు వెయ్యేళ్ల ముందు ఆ ఊళ్లో యెష్షయి అనే ఆయనకు ఎనిమిది మంది కొడుకులు ఉండేవారు. అందరిలోకీ చిన్నవాడు దావీదు. గొర్రెలు మేపే పని అతనిది. ఒకరోజు సమూయేలు ప్రవక్త వాళ్లింటికి వచ్చి కొడుకులందరినీ చూపించమన్నాడు. వారిలో ఒకరిని కాబోయే రాజుగా ఎంచడం ఆయన పని. తండ్రి ఏడుగురిని వరుసగా నిలబెట్టాడు. ఎనిమిదోవాణ్ణి పిలవాలని ఆయనకు తోచనే లేదు. ఇంకెవరైనా మిగిలారా అని ప్రవక్త అడిగితే అప్పుడు పొలానికి కబురు వెళ్లింది.

దావీదు మేపిన కొండలు పచ్చగా ఉండేవి కావు. యూదయ కొండల తూర్పు వాలు రాళ్లూ ముళ్లూ ఉన్న నేల. చలికాలపు వానల తర్వాత కొన్ని వారాలు గడ్డి మొలుస్తుంది, తర్వాత ఎండిపోతుంది. ఎక్కడ నీరుందో, ఏ లోయలో మేత మిగిలిందో కాపరికి తెలియకపోతే మంద చచ్చిపోతుంది. ప్రపంచమంతా ఎరిగిన 23వ కీర్తనలో పచ్చిక, ప్రశాంతమైన నీళ్లు కనిపిస్తాయి. పర్సుడీహ్ చుట్టుపక్కల వానాకాలం చూసిన మనకు పచ్చగడ్డి పెద్ద విశేషంగా అనిపించదు. ఆ ఎండునేల మీద నడిచినవాడికి అది దొరికిన రోజే పండుగ. దేవుణ్ణి కాపరిగా, తనను గొర్రెగా చెప్పుకున్న ఆ పాటలో రెండు కర్రలు కూడా ఉన్నాయి. తోడేలునో సింహాన్నో కొట్టడానికి పొట్టి దుడ్డుకర్ర ఒకటి, మందను అదిలించి దారిలో పెట్టడానికి పొడుగు కర్ర ఒకటి. చీకటి లోయలో గొర్రెకు కాపరి ముఖం కనబడకపోయినా కర్ర తగులుతుంది. పాట మొత్తం ఆరు వచనాలే. నాలుగు వచనాలు మందతో నడిచి, చివరి రెండింటిలో హఠాత్తుగా ఒక ఇంట్లోకి వెళ్లిపోతుంది. అక్కడ గొర్రె లేదు, అతిథి ఉన్నాడు. భోజనం బల్ల, తలకు నూనె, నిండి పొర్లే గిన్నె. ఎండలో పడి వచ్చిన అతిథి తలకు నూనె పెట్టడం ఆ దేశపు మర్యాద. పండుగ పూట తలంటు తెలిసిన తెలుగువాళ్లకు ఈ మర్యాదను ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

గొర్రెల కాపరి కవి అవడం మనకు వింత కాదు. మన ఒగ్గుకథ కురుమల పాట, గొల్ల సుద్దులు గొల్లల పాట. గొల్యాతును పడగొట్టిన ఆయుధం కూడా మనకు తెలిసినదే. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలేవాళ్లు తిప్పే వడిసెల అది. ఫిలిష్తీయుల వీరుడు గొల్యాతు ఎత్తు ఆరు మూరలా జేనెడు అని మామూలు ప్రతుల్లో ఉంటుంది. కొన్ని పాత ప్రతుల్లో నాలుగు మూరలా జేనెడే! ఎత్తు ఎంతైతేనేం, రాజు సౌలు సైన్యంలో ఒక్కరూ అతని ఎదుటికి వెళ్లలేదు. అన్నలకు తిండి ఇవ్వడానికి యుద్ధభూమికి వచ్చిన దావీదు రాజు ఇచ్చిన కవచం తొడిగి చూశాడు, నడవలేక తీసేశాడు. వాగులో అయిదు నున్నని రాళ్లు ఏరుకున్నాడు. ఒక్కటే ఖర్చయింది.

అతనికి ఇంకో విద్య కూడా వచ్చు. సౌలు రాజుకు మనసు చెదిరిపోయే జబ్బు ఉండేది. అది వచ్చినప్పుడు దావీదు పక్కన కూర్చుని తీగల వాద్యం వాయిస్తే రాజు కుదుటపడేవాడు. ఆ వాద్యాన్ని హెబ్రీ భాషలో కిన్నోర్ అంటారు. వినగానే మన కిన్నెర గుర్తుకు వస్తుంది గాని రెండు వాద్యాల రూపం వేరు. తెలుగు బైబిల్లో అది సితారా అయింది.

సౌలు ప్రాణానికి ఊరట ఇచ్చింది పాట, దావీదును అడవుల పాలు చేసింది కూడా పాటే. యుద్ధం గెలిచి వస్తుంటే ఊరి ఆడవాళ్లు ఎదురొచ్చి పాడారు. ఆ పాటలో సౌలు కూల్చిన శత్రువులు వేలు, దావీదు కూల్చినవాళ్లు పదివేలు. రాజు ఆ లెక్క మరిచిపోలేదు. వాద్యం వాయిస్తున్న యువకుడి మీదకు ఈటె విసిరాడు. రాజు కొడుకు యోనాతాను దావీదుకు ప్రాణస్నేహితుడు. తన సింహాసనం ఇతనికే దక్కుతుందని తెలిసి కూడా అతనే స్నేహితుణ్ణి తప్పించాడు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో దావీదు కంటే గొప్పవాడు యోనాతానే.

అప్పటి నుంచి కొన్నేళ్ల పాటు దావీదుకు ఇల్లు లేదు. అదుల్లాము గుహలో, ఏన్గెదీ బండల్లో, ఒక దశలో శత్రువులైన ఫిలిష్తీయుల ఊరిలో కూడా తలదాచుకున్నాడు. అప్పులపాలైనవాళ్లు, బాధల్లో ఉన్నవాళ్లు సుమారు నాలుగు వందల మంది అతని దగ్గరకు చేరారు. కీర్తనల్లో మాటిమాటికీ వచ్చే బండ, కోట, దాగుచోటు, రెక్కల నీడ అనే పోలికలన్నీ ఈ పరుగుకు సరిపోతాయి. రెండు కీర్తనల మీద అతను గుహలో ఉన్నప్పటివని శీర్షిక కూడా ఉంది. వాటిలో పొగడ్త కంటే మొర ఎక్కువ. ఎందుకు మరిచిపోయావు, ఇంకా ఎన్నాళ్లు అని దేవుణ్ణే నిలదీయడం ఈ గ్రంథంలో మామూలు. గోల్కొండ చెరసాలలో కూర్చుని రాముణ్ణి నిష్ఠూరమాడిన మన రామదాసును ఎరిగినవాళ్లకు ఈ చనువు అర్థమవుతుంది.

ఆ రోజుల సంగతి ఒకటి చెప్పాలి. బేత్లెహేములో శత్రువుల దండు దిగి ఉంది. కోతల కాలం, ఎండ. దావీదుకు సొంత ఊరి గుమ్మం దగ్గరి బావి నీళ్లు తాగాలనిపించి, ఆ మాట పైకి అనేశాడు. అది ఆజ్ఞ కాదు, కోరిక మాత్రమే. అతని మనుషులు ముగ్గురు విన్నారు. శత్రువుల మధ్య నుంచి దూసుకువెళ్లి, బావిలో నీళ్లు తోడి తెచ్చి చేతికిచ్చారు. దావీదు తాగలేదు. మనుషులు ప్రాణాలు పణంగా పెట్టి తెచ్చిన నీళ్లు తన గొంతులో పోసుకోలేనని నేల మీద దేవుడికి ధారపోశాడు. సెలవుల్లో ఊరెళ్లి బావి నీళ్లో బోరు నీళ్లో తాగి, ఈ రుచి మన క్వార్టర్స్‌లో రాదని ఇంట్లో పెద్దవాళ్లు అనడం మనం వింటూనే ఉంటాం. దావీదుకు కలిగిందీ అదే కోరిక. కాని అది ముగ్గురు మనుషుల ప్రాణాల మీదికి తెచ్చింది. అప్పటి నుంచి నోటి నుంచి జారే మాటకు అతను జాగ్రత్త పడి ఉంటే బాగుండేది.

గిల్బోవ కొండ మీద జరిగిన యుద్ధంలో సౌలు, యోనాతాను ఒకే రోజున చనిపోయారు. తనను తరిమిన రాజు కోసం, తనను కాచిన స్నేహితుడి కోసం దావీదు ఒకే విలాపగీతం కట్టాడు. అందులో సౌలు మీద ఒక్క నింద కూడా లేదు. ముప్పయ్యో ఏట హెబ్రోనులో రాజయ్యాడు. అక్కడ ఏడున్నర ఏళ్లు, ఆ తర్వాత యెరూషలేమును గెలిచి అక్కడ 33 ఏళ్లు పాలించాడు. యుద్ధాలు, గెలుపులు చాలా ఉన్నాయి, వాటిని వదిలేస్తాను.

వదలకూడనిది అతని నేరం. ఊరియా అనే సైనికుడు యుద్ధంలో ఉండగా, అతని భార్య బత్షెబను దావీదు తన భవనానికి రప్పించుకున్నాడు. అది బయటపడే సమయం వచ్చేసరికి సేనాపతి యోవాబుకు ఉత్తరం రాశాడు. పోరు ముమ్మరంగా ఉన్నచోట ఊరియాను ముందు నిలబెట్టి తక్కినవాళ్లు వెనక్కి తగ్గాలని అందులో ఉంది. ఆ ఉత్తరాన్ని యోవాబు దగ్గరకు మోసుకెళ్లింది ఊరియానే. అతను చచ్చిపోయాడు. రాజును అడిగేవాడు లేడు.

అడిగినవాడు నాతాను అనే ప్రవక్త. అతను నేరుగా నిందించలేదు, ఒక కథ చెప్పాడు. ఒక పేదవాడి దగ్గర ఒకే ఒక ఆడ గొర్రెపిల్ల ఉంది. అది అతని కంచంలో తిని, అతని ఒడిలో పడుకునేది. మందలున్న పొరుగు ధనవంతుడు తన ఇంటికి చుట్టం వస్తే సొంత మంద ముట్టకుండా, పేదవాడి గొర్రెపిల్లను లాక్కుని కోసి వండించాడు. దావీదుకు కోపం కట్టలు తెంచుకుంది. అలాంటివాడు చావాల్సిందే అన్నాడు. ఆ మనిషివి నువ్వేనని అప్పుడు నాతాను చెప్పాడు. ఇంకే కథ చెప్పినా రాజు న్యాయమూర్తిలా విని ఊరుకునేవాడేమో. గొర్రె కథ విన్నది రాజు కాదు, కాపరి.

51వ కీర్తన ఈ సందర్భంలోనిదని దాని శీర్షిక చెబుతుంది. అందులో సింహాసనం లేదు, బండలూ కోటలూ లేవు. బట్టలు ఉతికినట్టు తనను ఉతకమనడం, మంచు కంటే తెల్లగా చేయమనడం, ముక్కలైన మనసు ఉన్నాయి. గోడల మీద మొలిచే హిస్సోపు అనే చిన్న మొక్క రెమ్మతో నీళ్లు చిలకరించి శుద్ధి చేయడం ఆనాటి ఆచారం. ఆ రెమ్మ కూడా పాటలో ఉంది. రాజు తన తప్పు దాచుకునే వీలున్నప్పుడు, జనం కలిసి పాడుకునే పాటకు అదే శీర్షికగా నిలవడం చిన్న విషయం కాదు. ఊరియా మాత్రం తిరిగి రాలేదు.

ముసలితనంలో దావీదు మీద సొంత కొడుకు అబ్షాలోమే తిరగబడ్డాడు. రాజు చెప్పులు లేకుండా, తలమీద ముసుగుతో, ఏడుస్తూ ఒలీవ కొండ ఎక్కి పారిపోయాడు. యుద్ధంలో అబ్షాలోము కంచరగాడిద మీద వెళ్తుండగా పెద్ద చెట్టు కొమ్మల్లో అతని తల చిక్కుకుంది. ప్రాణం తీయవద్దని రాజు ముందే చెప్పినా యోవాబు ఆగలేదు. దావీదు ఊరి ద్వారం దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నాడు. వార్త తెచ్చినవాణ్ణి అతను అడిగింది యుద్ధం గురించి కాదు, పిల్లవాడు క్షేమమేనా అని. తర్వాత మేడగదిలోకి ఎక్కుతూ కొడుకు పేరే మళ్లీ మళ్లీ పిలుస్తూ ఏడ్చాడు. గెలిచిన సైనికులు ఓడినవాళ్లలా తలలు వంచుకుని ఊళ్లోకి వచ్చారు. 70 ఏళ్ల వయసులో దావీదు చనిపోయాడు. ఆఖరి రోజుల్లో ఎన్ని దుప్పట్లు కప్పినా అతనికి చలి తగ్గలేదట. 1993లో ఇశ్రాయేలు ఉత్తర భాగంలోని తేల్ దాన్‌లో ఒక శాసనం ముక్క దొరికింది. క్రీస్తుపూర్వం తొమ్మిదో శతాబ్దపు ఆ రాతిమీద దావీదు వంశం పేరు ఉంది.

కీర్తనల గ్రంథంలో 150 పాటలు ఉన్నాయి. 73 పాటల శీర్షికల్లో దావీదు పేరు కనిపిస్తుంది. అన్నీ అతనే రాశాడని పండితులు అనరు. నీటి కోసం అల్లాడే దుప్పి పాట కోరహు కుమారులదని రాసి ఉంది. యెరూషలేముకు యాత్ర వెళ్లేవాళ్ల పాటలు పదిహేను ఉన్నాయి. వాటిలో ఒకటి కొండల వైపు కళ్లెత్తి, సాయం ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతుంది. దల్మా కొండల వైపు చూస్తే నాకు ఆ పాటే గుర్తుకు వస్తుంది. దావీదు పోయిన నాలుగు వందల ఏళ్లకు, క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో, బబులోను సైన్యం యెరూషలేమును కాల్చి జనాన్ని చెరపట్టుకుపోయింది. 137వ కీర్తన వాళ్లది. నది ఒడ్డున చెట్లకు తమ వాద్యాలు తగిలించి కూర్చున్నారు. మీ ఊరి పాట ఒకటి పాడండని చెరపట్టినవాళ్లు వేడుకగా అడిగారు. పరాయి నేల మీద ఆ పాట ఎలా పాడతామన్నదే వాళ్ల పాట అయింది. చివరికి వచ్చేసరికి అందులో దుఃఖం భయంకరమైన కోపంగా మారుతుంది. పెద్దయ్యాక చదవండి.

ఊరు విడిచినా ఈ పాటలు పోకపోవడానికి ఒక కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. మన పద్యాన్ని హిందీలోకి మారిస్తే యతి ప్రాసలు జారిపోతాయి. హెబ్రీ పద్యానికి ఆధారం అక్షరాల పోలిక కాదు, అర్థాల జంట. మొదటి పాదంలో చెప్పిన సంగతినే రెండో పాదం ఇంకో పోలికతో చెబుతుంది, లేదా తిరగేసి చెబుతుంది. యతి అక్షరానికి కాక అర్థానికి పడిందనుకోండి. రాబర్ట్ లౌత్ అనే ఆంగ్ల పండితుడు 1753లో అచ్చైన ఉపన్యాసాల్లో దీన్ని వివరించాడు. అర్థం ఏ భాషలోకైనా దాటుతుంది కదా! అన్నీ దాటవు లెండి. 119వ కీర్తనలో హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాల వరుసలో ఒక్కో అక్షరంతో మొదలయ్యే ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176 ఉన్నాయి. తెలుగులో 176 మిగిలాయి గాని ఆ అక్షరాల ఆట మిగల్లేదు.

తెలుగులోకి దాటడానికి చాలా కాలం పట్టింది. 1730 ప్రాంతంలో మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ దేశస్థుడు చేసిన తెలుగు బైబిలు అచ్చుకు నోచుకోలేదు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం చేరి, ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో మళ్లీ మొదలుపెట్టారు. అయిదేళ్లు తిరిగేసరికి ఇద్దరూ పోయారు. తర్వాతివాళ్లు కొనసాగించారు. హెబ్రీలో ఈ గ్రంథం పేరుకు స్తుతులని అర్థం. తెలుగులో దానికి కీర్తనలు అనే పేరు కుదిరింది. అన్నమయ్య, త్యాగయ్యల పాటలకు మనం వాడే మాటే అది. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803-1890) ఆ మాటను ఇంకాస్త ముందుకు తీసుకెళ్లాడు. పూర్వీకులు బెంగాల్ వాళ్లు, ఉన్నది ఒడియా తెలుగు సరిహద్దు, రాసింది తెలుగు. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, పర్సుడీహ్ బజారులో ఇంకొకటి మాట్లాడే మనకు ఆయన బాగా తెలిసినవాడిలా అనిపిస్తాడు. ఆయన క్రైస్తవ కీర్తనలకు రాగం, తాళం ఉన్నాయి. తెలుగు చర్చిల్లో ఇప్పటికీ పాడతారు.

దావీదు పాటల రాగాలు మాత్రం దొరకలేదు. కీర్తనల్లో 71 చోట్ల సెలా అనే మాట వస్తుంది. పాడేవాళ్లకో వాయించేవాళ్లకో ఇచ్చిన సూచన అంటారు. తెలుగు అనువాదకులు దాన్ని మార్చకుండా సెలా అనే ఉంచారు.