మహ్‌జబీన్ నుంచి మీనాకుమారి దాకా

వెండితెర మీద కన్నీరు అనగానే హిందీ సినిమాలు చూసే పాతతరం వారందరికీ చటుక్కున గుర్తుకు వచ్చే పేరు మీనాకుమారి. ఆమెకు 'ట్రాజెడీ క్వీన్' అని బిరుదు ఇచ్చారు. ఆమె కన్నుమూసి యాభై ఏళ్లు దాటిపోయినా ఆ బిరుదు మాత్రం ఆమెను వదలలేదు. నలుగురు కూర్చుని ఆమె ప్రస్తావన తెచ్చారంటే ముందు తాగుడు మాట వస్తుంది, తర్వాత విడిపోయిన సంసారం మాట వస్తుంది. ఆ తర్వాత ఎవరికైనా తీరిక ఉంటే ఆమె నటన సంగతి మాట్లాడతారు. ఇది న్యాయం కాదు. ఆరేళ్ల వయసు నుంచి చనిపోయే దాకా ముప్పయి మూడేళ్లు ఒళ్లు వంచి పనిచేసిన మనిషి ఆమె. 90కి పైగా చిత్రాలలో నటించారు. ఆ పనిని, ఆ పని చేసిన మనిషిని ఒకసారి తీరికగా తలుచుకుందాం.

పాతిక రూపాయల పాప

ఆమె అసలు పేరు మహ్‌జబీన్ బానో. చంద్రుని వంటి నుదురు గలది అని ఆ పేరుకు అర్థం. 1933 ఆగస్టు 1న బొంబాయిలోని దాదర్‌లో పుట్టారు. తండ్రి అలీ బక్ష్ పంజాబులోని భేరా ప్రాంతం నుంచి వచ్చినవారు. పార్సీ నాటక కంపెనీలలో పనిచేశారు, హార్మోనియం వాయించేవారు, ఉర్దూ కవిత్వం రాసేవారు. ఒకటి రెండు సినిమాలకు సంగీతం కూడా కూర్చారు. తల్లి ఇక్బాల్ బేగం అసలు పేరు ప్రభావతి. రంగస్థలం మీద నాట్యం చేసేవారు, పెళ్లి తర్వాత ఇస్లాం స్వీకరించారు. ఇంట్లో కళ నిండుగానే ఉండేది గాని జేబులో డబ్బు మాత్రం ఉండేది కాదు. ఖుర్షీద్ తర్వాత రెండోసారి కూడా ఆడపిల్లే పుట్టేసరికి పురుడు పోసిన డాక్టరు ఫీజు కట్టలేని తండ్రి బిడ్డను అనాథాశ్రమం గడప దగ్గర వదిలేసి, మనసు ఒప్పక కొద్ది గంటలకే తిరిగి ఎత్తుకొచ్చాడని చెబుతారు.

అలా వద్దనుకున్న పిల్లే ఆ ఇంటికి అన్నం పెట్టింది. 1939లో ప్రకాశ్ పిక్చర్స్ వారి విజయ్ భట్ తీసిన 'లెదర్ ఫేస్' చిత్రంలో తొలి వేషం వేసినప్పుడు మహ్‌జబీన్‌కు ఆరేళ్లు. మొదటి రోజు చేతికి వచ్చిన కూలి 25 రూపాయలు. ఆ రోజుల్లో, ఆ ఇంటికి అది చిన్న మొత్తం కాదు. తర్వాత 'ఏక్ హీ భూల్' చిత్రం సమయంలో విజయ్ భట్ ఆమెకు బేబీ మీనా అని పేరు పెట్టారు. ఆ పేరే పెరిగి మీనాకుమారి అయింది.

ఆడుకునే వయసులో స్టూడియోకు పోయింది, చదువుకునే వయసులో ఇల్లు మోసింది. బడి చదువు సరిగా సాగలేదు. కాని అక్షరం మీద ఆ పిల్లకు ఎంత ఆశో! షూటింగులో రెండు షాట్ల మధ్య పది నిమిషాలు దొరికితే ఒక మూల పుస్తకం పట్టుకుని కూర్చునేది. ఆ అలవాటు చూసి తోటివారు ఆమెను చదువుల మహ్‌జబీన్ అని ఆటపట్టించేవారట. ఉర్దూ సాహిత్యం అలా సొంతంగా చదివి నేర్చుకున్నారు. తర్వాత 'నాజ్' అనే కలం పేరుతో గజళ్లు, నజ్మ్‌లు రాశారు. బడికి పంపి ఉంటే ఏమయ్యేదో గాని, పంపకపోయినా కవయిత్రి అయింది.

నాయిక అయిన తొలిరోజులు

1946లో 'బచ్చోం కా ఖేల్' చిత్రంతో మీనాకుమారి అనే పేరు మీద పెద్ద వేషాలకు వచ్చారు. మరుసటి ఏడు మార్చిలో తల్లి కన్నుమూసింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. దుఃఖపడి కూర్చోవడానికి తీరిక ఏది? 'వీర్ ఘటోత్కచ్', 'శ్రీ గణేశ్ మహిమ', 'హనుమాన్ పాతాళ్ విజయ్' వంటి పౌరాణిక చిత్రాలలో వరుసగా నటించారు. నమాజు చదివే ఇంట పుట్టిన పిల్ల తెర మీద పురాణకథలలోని స్త్రీగా కనబడితే జనం చేతులెత్తి మొక్కారు. ఏ మతమని ఎవరూ అడగలేదు. మన దేశంలో కళకు ఉన్న గొప్పతనం అది.

1951లో మహాబలేశ్వరం నుంచి వస్తుండగా కారు ప్రమాదం జరిగింది. ఎడమ చేతికి గట్టి దెబ్బ తగిలి చిటికెనవేలు పాడైంది. ఆ తర్వాత ఆమె నటించిన చిత్రాలు జాగ్రత్తగా చూడండి. ఎడమ చేయి దుపట్టా కిందనో చీర కొంగు చాటునో ఉంటుంది. ఆ లోపాన్ని ఎంత నేర్పుగా దాచారంటే, దాన్ని కూడా జనం ఆమె నాజూకు హొయలనే అనుకున్నారు.

1952లో విజయ్ భట్ తీసిన 'బైజూ బావ్రా' విడుదలైంది. నౌషాద్ సంగీతం, భరత్ భూషణ్ సరసన గౌరిగా మీనాకుమారి. దేశమంతా ఆ చిత్రాన్ని నెత్తిన పెట్టుకుంది. 1954లో ఫిలింఫేర్ బహుమతులు మొదలైనప్పుడు ఉత్తమ నటిగా మొట్టమొదటి బహుమతి ఆ చిత్రానికి ఆమెకే దక్కింది. రెండో ఏడు కూడా ఆమెకే వచ్చింది. ఈసారి శరత్‌బాబు నవల ఆధారంగా బిమల్ రాయ్ తీసిన 'పరిణీత'కు.

తెలుగువారితో చుట్టరికం

ఆమెకూ మన దక్షిణాదికీ మంచి అనుబంధం ఉంది. 1955లో దిలీప్ కుమార్‌తో కలిసి నటించిన 'ఆజాద్' కోయంబత్తూరులో శ్రీరాములు నాయుడు గారు తీసిన చిత్రం. కన్నీటి వేషాలే కాదు, అల్లరి వేషాలు కూడా తాను వేయగలనని అందులో చూపించారు. మన ఎల్.వి. ప్రసాద్ గారు 1955లో తెలుగువారికి 'మిస్సమ్మ'ను ఇచ్చి, 1957లో అదే కథను ఏవీఎం వారికి హిందీలో 'మిస్ మేరీ'గా తీశారు. తెలుగులో సావిత్రి వేసిన వేషం హిందీలో మీనాకుమారి వేశారు. మన జమున అందులోనూ ఉన్నారు. అదే సంవత్సరం ప్రసాద్ గారి సొంత చిత్రం 'శారద'లో రాజ్‌కపూర్ సరసన నటించారు. తెలుగులో 'ఇలవేల్పు'గా వచ్చిన కథే అది. ప్రేమించినవాడికి సవతి తల్లి కావలసి వచ్చిన స్త్రీ వేషం. కత్తి మీద సాము వంటి ఆ పాత్రను ఎక్కడా తూలకుండా నిలబెట్టారు.

సంసారం

'మహల్' చిత్రంతో పేరు తెచ్చుకున్న దర్శకుడు, రచయిత కమాల్ అమ్రోహీతో ఆమె నిఖా 1952 ఫిబ్రవరి 14న, తండ్రికి తెలియకుండా జరిగింది. ఆయనకు అప్పటికే భార్యా పిల్లలు ఉన్నారు. వయసులో పదిహేనేళ్లు పెద్ద. సంగతి బయటపడ్డాక తండ్రికీ కూతురికీ పడలేదు. 1953లో ఆమె భర్త ఇంటికి చేరారు.

కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత తగవులు మొదలయ్యాయి. సాయంత్రం ఇన్ని గంటలకల్లా ఇంటికి రావాలనీ, మేకప్ గదిలోకి పరాయివారు రాకూడదనీ భర్త షరతులు పెట్టారని ఆమె జీవిత చరిత్ర రాసినవారు చెప్పారు. తప్పు ఎవరిది ఎంత అని తూకం వేయడానికి మనమెవరం? అయితే ఒక మాట చెప్పుకోక తప్పదు. చిన్నప్పుడు ఆమె సంపాదన పుట్టింటి చేతిలో ఉంది, పెళ్లయ్యాక మెట్టినింటి చేతిలో ఉంది. లక్షలు సంపాదించిన మనిషి తన డబ్బుకు తాను యజమానురాలిగా ఉన్న రోజులు తక్కువ. 1964లో భార్యాభర్తలు వేరుపడ్డారు.

ఛోటీ బహూ

1962లో గురుదత్ నిర్మించిన 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్' వచ్చింది. బిమల్ మిత్రా బెంగాలీ నవల దానికి ఆధారం, దర్శకుడు అబ్రార్ అల్వీ. భర్తను ఇంట్లో నిలుపుకోవాలని తాను కూడా మద్యం ముట్టి, చివరికి దానికే బానిస అయిపోయిన జమీందారీ కోడలు ఛోటీ బహూ వేషం మీనాకుమారిది. ఒక భారతీయ స్త్రీ తెర మీద అలా తాగి మాట్లాడటం చూసి కొందరు నొచ్చుకున్నారు. కాని ఆ పాత్ర గుండెకోత అర్థం చేసుకున్నవాళ్లు కంట తడి పెట్టారు. 1963 ఫిలింఫేర్‌లో ఒక విచిత్రం జరిగింది. ఉత్తమ నటి బహుమతికి పోటీలో నిలిచిన మూడు పాత్రలూ ఆమెవే: 'సాహిబ్ బీబీ', 'ఆరతి', 'మై చుప్ రహూంగీ'. ఆమెకు ఆమే పోటీ! బహుమతి ఛోటీ బహూకు దక్కింది. 'కాజల్' చిత్రానికి నాలుగోసారి కూడా అందుకున్నారు.

పాపం, తెర మీద వేసిన ఆ వేషం ఇంట్లోకి కూడా వచ్చింది. ఆమెకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. నిద్ర కోసం కొద్దిగా బ్రాందీ తీసుకోమని ఒక డాక్టరు సలహా ఇచ్చారని చెబుతారు. మందుగా మొదలైనది వ్యసనమైంది. వ్యసనం కాలేయాన్ని తినేసింది. 1968లో చికిత్స కోసం లండన్ వెళ్లి కొంత కోలుకుని వచ్చారు. వచ్చాక విశ్రాంతి తీసుకున్నారా? లేదు. ఒప్పుకున్న చిత్రాలు ముగించారు. గుల్జార్ మొదటిసారి దర్శకత్వం వహించిన 'మేరే అప్నే'లో నలభై ఏళ్లు కూడా లేని ఆమె ముసలి అవ్వ వేషం వేశారు. అందాల తార అన్న పేరు ఏమవుతుందోనని వెనుకాడలేదు.

పాకీజా

ఇక 'పాకీజా' సంగతి. కమాల్ అమ్రోహీ 1956లో మొదలుపెట్టిన ఆ చిత్రం వారి సంసారంతో పాటే 1964లో ఆగిపోయింది. అప్పటికి చాలా డబ్బు ఖర్చయింది. సునీల్ దత్, నర్గీస్ దంపతులు తీసినంత మేరకు చూసి, ఇంత మంచి పని మధ్యలో పోకూడదని ఇద్దరికీ నచ్చజెప్పారు. 1969లో మళ్లీ షూటింగు మొదలైంది. మీనాకుమారి ఒక్క బంగారు గినీ మాత్రమే పారితోషికంగా పుచ్చుకున్నారంటారు. మనసులు కలవకపోయినా చేపట్టిన పని పూర్తి చేశారు, చూడండి, అది పెద్దమనసు. ఒంట్లో శక్తి లేక కొన్ని నాట్య దృశ్యాలలో ఆమె బదులు పద్మా ఖన్నా నిలబడవలసి వచ్చింది. సంగీత దర్శకుడు గులామ్ మొహమ్మద్, ఛాయాగ్రాహకుడు జోసెఫ్ విర్షింగ్ ఇద్దరూ చిత్రం పూర్తి కాకముందే పోయారు. మిగిలిన సంగీతం నౌషాద్ పూర్తి చేశారు.

1972 ఫిబ్రవరి 4న 'పాకీజా' విడుదలైంది. సరిగ్గా ఎనిమిది వారాలకు, మార్చి 31న, బొంబాయిలోని సెయింట్ ఎలిజబెత్ నర్సింగ్ హోమ్‌లో మీనాకుమారి కన్నుమూశారు. వయసు 38 ఏళ్లు. మొదట్లో పలచగా ఉన్న థియేటర్లు ఆ వార్తతో కిటకిటలాడాయి. బొంబాయిలో మజ్‌గావ్ వద్ద నారియల్‌వాడీ ఖబరస్తాన్‌లో ఆమెను ఖననం చేశారు. 1993లో మరణించిన కమాల్ అమ్రోహీ సమాధి కూడా ఆమె పక్కనే ఉంది. బతుకులో నిలవని జంట మట్టిలో పక్కపక్కన చేరింది.

చివరి రోజున ఆసుపత్రి బిల్లు కట్టడానికి ఇంట్లో డబ్బు లేదని అంటారు. పుట్టినప్పుడు డాక్టరు ఫీజుకు డబ్బు లేదు, పోయినప్పుడూ లేదు. నడుమ ముప్పయి మూడేళ్ల సంపాదన ఎటు పోయింది? అడిగినవారికి ఇచ్చింది కొంత, ఆధారపడ్డవారు తిన్నది కొంత, జబ్బుకు పోయింది కొంత. తనకంటూ దాచుకోవాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మన ఇళ్లలో ఆడపిల్లలు సంపాదిస్తున్న రోజులివి. వాళ్ల జీతం వాళ్ల పేరు మీదే ఉందా అని తల్లిదండ్రులూ భర్తలూ ఒక్కసారి చూసుకోవాలి. తాగుడు మాట కూడా ఒకటుంది. అలవాటు పడినవారిని చూసి మొహం తిప్పుకోవడం తేలిక, చేయి పట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకుపోవడం కష్టం. మీనాకుమారి చుట్టూ జనం ఎందరో ఉన్నారు, వేళకు ఆ రెండో పని చేసినవారు మాత్రం తక్కువ.

2011లో తపాలా శాఖ వారు అలనాటి ఆరుగురు తారల స్మారక బిళ్లలు విడుదల చేశారు. వారిలో మీనాకుమారి ఉన్నారు, మన సావిత్రి కూడా ఉన్నారు. ఒకే కథలో రెండు భాషల్లో నవ్వించిన మేరీలు ఇద్దరూ, ఒకే రకం కష్టానికి లోనై అకాలంగా వెళ్లిపోయినవారు ఇద్దరూ. ఆమె రాసుకున్న కవితల పుస్తకాలు గుల్జార్ చేతికి వచ్చాయి. ఆయన వాటిని అచ్చు వేయించారు. నగలు పోయాయి, బంగళాలు పోయాయి. షాట్ల మధ్య మూల కూర్చుని పుస్తకం పట్టుకున్న ఆ పిల్ల సంపాదించుకున్న అక్షరం మాత్రం పోలేదు. అల్లాహ్ ఆమెకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక.