సేవావ్రతి ఠక్కర్ బాపా

కరవు వచ్చిన చోటికి అన్నము మోసికొనిపోవు పుణ్యాత్ములకు మన దేశమున ఎన్నడును కొదవ లేదు. వరద వచ్చినను, భూమి కంపించినను ఊరూర చందాలు ప్రోగగును. యువకులు భుజములపై బియ్యపు బస్తాలు మోయుదురు. వానలు కురిసి పైరు పచ్చబడిన వెంటనే వారు ఇండ్లకు మరలిపోదురు. అందు తప్పేమియు లేదు. కాని కరవునకు ముందును ఆకలితోనే యుండి, కరవు తీరిన పిదపను ఆకలితోనే మిగులు జనుల మాట యేమి? అమృతలాల్ ఠక్కర్ ఈ ప్రశ్నకు సమాధానమును గ్రంథములలో వెదకలేదు. నలువదియైదవ యేట మంచి యుద్యోగమును వదలి, తక్కిన ముప్పదియేడు సంవత్సరములును దానికే ధారవోసిరి.

వారు 1869 నవంబరు 29వ తేదీన కాఠియావాడులోని భావనగరమున జన్మించిరి. తండ్రి విఠల్‌దాస్ లాల్‌జీ ఠక్కర్ లోహాణా కులస్థులు. ధనవంతులు కారు గాని తమ కులమువారి మేలునకై పాటుపడుటలో పేరు పొందినవారు. 1900 నాటి ఘోరక్షామమున బీదసాదల నాదుకొనుటకు ఆయన శ్రమించిరి. కుమారుడు తరువాత దేశమంతట చేసిన పనికి బీజము ఆ యింటనే పడెననవచ్చును. అయితే తండ్రి సేవకు కులము హద్దు. కుమారుని యెదుట ఆ హద్దు నిలువలేదు.

పూనా ఇంజనీరింగు కళాశాలలో చదువు ముగించి, అమృతలాల్ కొంతకాలము కాఠియావాడు సంస్థానములలో పనిచేసిరి. 1900 ప్రాంతమున సముద్రము దాటి తూర్పు ఆఫ్రికాకు పోయి, మొంబాసానుండి విక్టోరియా సరస్సువరకు వేయుచుండిన ఉగాండా రైలుమార్గమున మూడేండ్లు కొలువు చేసిరి. ఆ మార్గమునకై మన దేశమునుండి ముప్పదివేలకు పైగా కూలీలు కొనిపోబడిరి. వారిలో దాదాపు 2,500 మంది అక్కడనే మరణించిరి. స్వదేశమునకు వచ్చి సాంగ్లీ సంస్థానమున నున్నపుడు గోపాలకృష్ణ గోఖలే, ధోండో కేశవ కర్వే గార్ల పరిచయము వారికి లభించెను. ఒకరు రాజకీయమున, ఒకరు స్త్రీవిద్యలో తమ సర్వస్వమును సమర్పించినవారు. అట్టివారిని కన్నులార చూచిన పిదప ఇంజనీరునకు తన జీతము కొంత బరువుగ తోచియుండిన ఆశ్చర్యము లేదు.

కాని వారి మనస్సును నిజముగ త్రిప్పినది మహాపురుషుల సాంగత్యము కాదు, బొంబాయి నగరపు చెత్త. పురపాలక సంఘమువారు నగరమున పోగగు చెత్తను చిన్న రైలుబండ్లలో నింపి కుర్లా ప్రాంతమున ఊరి వెలుపల పారబోయించుచుండిరి. ఆ మార్గమును పర్యవేక్షించుట ఠక్కర్ గారి పని. ఇనుపపట్టాలు, కొలతలు, బండ్ల రాకపోకలు చూచుకొని ఇంటికి పోయినచో ఆయన విధి తీరినట్లే. ఆయన మాత్రము ఆ చెత్తను ఎత్తువారి గుడిసెలకు పోయి చూచిరి. నగరము నంతటిని శుభ్రము చేయువారికి తాము నివసించుటకు శుభ్రమైన చోటు లేదు. అగ్రవర్ణములవారు వారి నీడను సహింపరు. అంటరానివారిలోనే యితరులు సైతము వారిని దూరముగ నుంచుదురు. వచ్చు కొద్దిపాటి జీతము చేతికందకమునుపే వడ్డీవ్యాపారి పాలగును. ఠక్కర్ గారు వారి పిల్లలకు బడి పెట్టించుటకును, వారిని ఋణభారమునుండి తప్పించుటకును సాయంకాలములందు పాటుపడసాగిరి. నిమ్నజాతుల యుద్ధరణకై అప్పటికే కృషి చేయుచుండిన విఠల్ రామ్‌జీ శిందే గారితో చేయి కలిపిరి.

పగలు ఉద్యోగము, సాయంకాలము సేవ. పెక్కుమంది సజ్జనులకు ఈ యేర్పాటు జీవితాంతము చాలును. ఆయనకు చాలలేదు. అప్పటికే భార్యయు, ఏకైక కుమారుడును గతించియుండిరి, సంసారబంధము తెగిపోయెను. అయినను వృద్ధుడైన తండ్రి మనస్సు నొప్పించుట కిష్టములేక తమ కోరికను లోననే అణచుకొనిరి. 1913లో తండ్రి పరమపదించిన పిదపనే సోదరునకు లేఖ వ్రాసి, ఉద్యోగమునకు రాజీనామా యిచ్చిరి. 1914లో, గోఖలేగారు పూనాలో 1905 జూన్ 12న స్థాపించిన భారత సేవక సమాజమున చేరిరి. ఆ సమాజమున చేరువారు స్వార్జనను మాని, సమాజమిచ్చు స్వల్పభృతితో జీవింపవలెను. నెరసిన తలతో యువకుల సరసన కూర్చుండి నేర్చుకొనుటకు వచ్చిన ఆ ఇంజనీరు గోఖలేగారి సన్నిధిలో గడిపినది ఒక్క సంవత్సరమే. 1915 ఫిబ్రవరి 19న గోఖలే దివంగతులైరి.

ఆ సంవత్సరమే అహమ్మదాబాదు చెంత కోచరబ్‌లో గాంధీజీ ఆశ్రమము స్థాపించిరి. కొన్ని మాసములకే ఠక్కర్ గారినుండి వారికొక లేఖ అందెను. అంటరాని కులమునకు చెందిన దూదాభాయి యను ఉపాధ్యాయుడు భార్యాబిడ్డలతో ఆశ్రమమున చేరగోరుచున్నాడని, చేర్చుకొందురా యని అందు అడిగిరి. గాంధీజీ అంగీకరించిరి. దాతలు చేయి ముడుచుకొనిరి. ఆశ్రమమున చిల్లిగవ్వ లేని స్థితి యేర్పడెను. అంతలో ఒక శ్రేష్ఠి కారులో వచ్చి పదమూడువేల రూపాయల నోట్లు చేతబెట్టి వెడలిపోయిన యుదంతము పెక్కుమంది పాఠకు లెరిగినదే. ఆ పరీక్షకు మూలము ఠక్కర్ గారి చిన్న లేఖయే యన్న సంగతి మాత్రము అంతగా జ్ఞాపకముంచుకొనబడలేదు.

తరువాతి యేండ్లలో ఎచట క్షామము వచ్చినను అచటికి ఆయన పోవుట పరిపాటి యయ్యెను. 1920లో ఒరిస్సాలోని పూరీ మండలమున ఆకలి బాధితుల మధ్య పనిచేసిరి. 1922లో గుజరాతునకు తూర్పుకొసనున్న పంచమహాల్ జిల్లాలో కరవు వచ్చెను. అక్కడి కొండలలో భిల్లులు నివసింతురు. తిండిగింజలు పంచుట, పని కల్పించుట, గుడ్డలిచ్చుట మొదలగు కార్యము లన్నియు యథావిధిగ జరిగెను. అయితే ఊళ్లు తిరిగిన కొలది ఆయనకొక సత్యము గోచరించెను. ఈ జనులకు కరవు అతిథి కాదు, ఇంటిమనిషి. వానలు పడిన యేటను మొక్కజొన్నలో అధికభాగము షావుకారు గాదెకు పోవును. అధికారి వచ్చిన వెట్టిచాకిరి తప్పదు. సారా అంగడి మాత్రము ఎల్లప్పుడును తెరచియే యుండును. బియ్యపు బస్తాతో వచ్చి పోవువాడు ఇందులో దేనిని మార్పగలడు?

అందుచే ఆయన పోలేదు. దాహోదు పట్టణమును కేంద్రముగ జేసికొని భిల్ సేవామండలిని స్థాపించిరి. అందు చేరువాడు ఇరువది సంవత్సరములు సేవచేసెదనని మాట యీయవలెను. ఈ నియమమునందే ఆయన హృదయమంతయు కలదు. ఇరువది యేండ్లనగా, బడిలో చేరిన బాలుడు పెరిగి తన బిడ్డను అదే బడికి చేయిపట్టి తెచ్చువరకు గడచు కాలము. ఉత్సాహము అంతకాలము నిలువదు, వ్రతము నిలుచును. లక్ష్మీదాస్ శ్రీకాంత్, డాహ్యాభాయి నాయక్ మొదలగు విద్యావంతులు పట్టణముల సుఖములను వదలి ఆ కొండలకు వచ్చిరి.

బడి పెట్టుటలోను ఇంజనీరు బుద్ధి కానవచ్చును. భిల్లుల గ్రామము మన గ్రామమువంటిది కాదు. ఎవని పొలములో వాడు గుడిసె వేసికొనును. ఒక్క ఊరే మైళ్లకొలది చెదరియుండును. నడుమ పాఠశాల కట్టినచో వానకాలమున వాగు దాటి వచ్చు పిల్లవా డెవడు? కావున పిల్లలకు అచటనే తిండి, బస కల్పించి, గురువులు వారితో కలసి నివసించునట్లు మీరాఖేడి మొదలగు చోట్ల ఆశ్రమములు నెలకొల్పిరి. అక్షరములతోపాటు సేద్యము, చేతిపనులు నేర్పిరి. ఆంధ్రదేశపు ఏజెన్సీ కొండలలో సైతము పిమ్మట వెలసిన ఆశ్రమ పాఠశాలలకు ఈ భిల్లు బాలుర బడియే పూర్వరూపము. గుజరాతీలో బాపా యనగా తండ్రి. ఠక్కర్ గారికి ఆ పేరే స్థిరపడెను.

1932 సెప్టెంబరులో పూనా ఒడంబడిక జరిగిన వెంటనే హరిజన సేవక సంఘ మేర్పడెను. ఘనశ్యామదాస్ బిర్లా అధ్యక్షులు, కార్యదర్శి బాపా. దేశమంతట శాఖలు నెలకొల్పి, బడులు, వసతిగృహములు, బావులు ఏర్పాటు చేయించు భారము ఆయనపై పడెను. ఆ సంవత్సరము నవంబరులో డాక్టరు అంబేద్కర్ ఓడపైనుండి బాపాకు సుదీర్ఘమైన లేఖ వ్రాసిరి. బావి, బడి, బాట మొదలగువానిపై అంటరానివారి హక్కులకై సంఘము ఊరూర పోరాడవలెననియు, సేవకులలో ఆ వర్గములవారే యుండుట మేలనియు అందలి భావము. సంఘ మా మార్గమును గ్రహింపలేదు. అంటరానితనము సవర్ణుల పాపము గనుక ప్రాయశ్చిత్తము వారే చేయవలెనను గాంధీజీ యభిప్రాయమే నిలిచెను. అంబేద్కర్ దూరమైరి. సంఘము కట్టిన బడులను తక్కువ చేయకయే, ఆ లేఖకు తగిన మన్నన దొరకకపోవుట నష్టమే యనక తప్పదు.

1933 నవంబరులో వార్ధానుండి బయలుదేరిన గాంధీజీ హరిజన యాత్రకు ఏర్పాట్లలో అధికభాగము బాపావే. యాత్ర ఆంధ్ర జిల్లాలకును వచ్చెను. ఆయన వక్త కారు. మూడవ తరగతి పెట్టెలో ప్రయాణము, దినచర్య వ్రాసికొనుట, పైసాతో సహా లెక్క యొప్పజెప్పుట, ఇవియే ఆయన యుపన్యాసములు. పరుల ధనము ముట్టువానికి జమాఖర్చులు చూచుకొనుట సంధ్యావందనమువంటి నిత్యకృత్యమని ఆయన నడవడి చూచినవారికి తోచెడిది.

నౌఖాలీలో 1946లో మతకలహము చెలరేగినపుడు బాపాకు డెబ్బదియేడేండ్లు. గాంధీజీ తమ పరివారమును విడదీసి, ఒక్కొక్కరిని ఒక్కొక్క గ్రామమున నిలిపిరి. బాపా హైమచర్ ప్రాంతమున, కాలిపోయిన యిండ్ల నడుమ బీద నామశూద్రులతో నివసించిరి. గాంధీజీ పాదయాత్ర 1947 మార్చి ప్రారంభమున ముగిసినది ఆ హైమచర్‌లోనే.

అప్పటికే ఆయన మనస్సు మరల కొండలవైపు తిరిగియుండెను. ఆదివాసులను ప్రత్యేకించి దూరముగ నుంచుట వారికి రక్షణ కాదని 1941లోనే పూనాలోని ఒక యుపన్యాసమున వాదించిరి. రాజ్యాంగసభ తరఫున ఆదివాసి ప్రాంతముల విషయమై నియమింపబడిన ఉపసంఘమునకు, అస్సాము తప్ప తక్కిన దేశమునకు సంబంధించినదానికి, అధ్యక్షులై 1947లో పర్యటించిరి. 1948లో భారతీయ ఆదిమజాతి సేవక సంఘమును స్థాపించిరి.

1951 జనవరిలో తాము పుట్టిన భావనగరమునందే బాపా కన్నుమూసిరి. షెడ్యూల్డు కులముల, తెగల హక్కులు కనిపెట్టుటకై రాజ్యాంగము నిర్దేశించిన కమిషనరు పదవికి అంతకు కొలదిమాసముల మునుపు, 1950లో, మొట్టమొదటిసారిగ ఒకరిని నియమించిరి. ఆయన, దాహోదు కొండలలో బాపాతో కలసి పనిచేసిన లక్ష్మీదాస్ శ్రీకాంత్.