ఋణము తీర్చిన కలము: సర్ వాల్టర్ స్కాట్

అప్పు చేయుటకు ఒక్క సంతకము చాలును. దానిని తీర్చుటకు సంవత్సరములు పట్టును. భిలాయి ఉక్కు నగరమందలి మన తెలుగు కుటుంబములకు ఈ సత్యము క్రొత్తది కాదు. 1955లో భారత సోవియట్ ప్రభుత్వముల మధ్య జరిగిన ఒడంబడికవలన ఏర్పడిన ఆ కర్మాగారములో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభింపబడెను. పొట్ట చేతపట్టుకొని వెళ్లిన తెలుగువారనేకులు అక్కడనే స్థిరపడిరి. నెలజీతము వచ్చు ఊరిలో అప్పు సులభముగా పుట్టును. కుమార్తె వివాహము, స్వగ్రామములో ఇల్లు, తల్లిదండ్రుల వైద్యము, పిల్లల చదువు, ఇట్లు కారణములు అనేకము. జీతపు చీటీలో కోతలన్నియు పోగా చేతికి వచ్చిన సొమ్మును చూచి నిట్టూర్చు ఇల్లాండ్రు అరుదు కారు.

మొదటి ఆరు నెలలు పట్టుదలతో వాయిదాలు కట్టినవాడు రెండవ సంవత్సరమున డీలాపడుట మనము చూచుచున్నాము. అసలు తరుగుట కనబడదు. వడ్డీ మాత్రము కనబడును. అట్టి వేళ మనస్సును నిలుపుకొనుట ఎట్లు? ఈ ప్రశ్నకు ఒక మనుష్యుని జీవితమే జవాబు చెప్పుచున్నది. తెలుగు నవలకు తొలినాళ్లలో సేవచేసిన చిలకమర్తి లక్ష్మీనరసింహము గారిని (1867–1946) మన పెద్దలు ఆంధ్ర స్కాట్ అని గౌరవించిరి. ఆ బిరుదులోని స్కాట్ గొప్ప నవలా రచయితయని ఎరిగినవారు సహితము, ఆయన తన చివరి సంవత్సరములను అప్పు తీర్చుటకే ధారపోసెనని ఎరుగకపోవచ్చును.

వాల్టర్ స్కాట్ 1771 ఆగస్టు 15న స్కాట్లండు దేశమందలి ఎడిన్‌బరో నగరములో ఒక న్యాయవాది ఇంట జన్మించెను. పసితనముననే వ్యాధి సోకి ఆయన కుడికాలు కుంటిదాయెను. తాతగారి పొలము వద్ద పెరుగుచు, అవ్వలు చెప్పిన పాతకథలు వినుచు, ఆయన తన భావి జీవితమునకు కావలసిన సంపదను తెలియకయే కూర్చుకొనెను. 1792లో న్యాయవాదియై, 1797లో షార్లట్ అను యువతిని వివాహమాడి, 1799లో సెల్‌కర్క్ జిల్లాకు షెరిఫుగా నియమింపబడెను. 1805 మొదలు ఆయన కావ్యములు దేశమంతట ప్రఖ్యాతి పొందెను. 1814లో వేవర్లీ అను నవలను పేరు చెప్పకయే ప్రచురించెను. అది మొదలు వెలువడిన నవలలన్నిటిని జనులు ఎగబడి కొనిరి. 1820లో రాజు ఆయనకు బారొనెట్ పదవి నొసగెను.

అయితే ఈ వైభవము క్రింద ఒక రహస్యము దాగియుండెను. తన బాల్యమిత్రుడైన జేమ్స్ బాలంటైన్ నడుపు ముద్రణాలయములో స్కాట్ 1805 నుండి గుప్త భాగస్వామిగా నుండెను. ఆ ముద్రణాలయము, కాన్‌స్టబుల్ అను ప్రచురణకర్త, లండనులోని హర్స్ట్ రాబిన్సన్ సంస్థ ఒకరికొకరు హామీ సంతకములు చేసికొని హుండీలమీద సొమ్ము తెచ్చుకొనుచుండిరి. ఒకరి అప్పునకు మరియొకరి అప్పే ఆధారము. మరొక వైపు స్కాట్ 1811లో ట్వీడు నదీతీరమున భూమి కొని, అబట్స్‌ఫర్డ్ అను భవనమును కట్టించెను. ప్రక్క పొలములను కొనుచు, వేలకొలది చెట్లు నాటించుచు, ఇంకను వ్రాయని పుస్తకములకు ముందుగనే సొమ్ము తీసికొని ఖర్చు చేసెను. ఆయన మోసగాడు కాడు. కాని రాబోవు సంపాదనను చేతనున్న సొమ్ముగా లెక్కించెను. ఈ పొరపాటు మేధావికిని కూలివానికిని సమానమే.

1825 చివర లండనులో ఆర్థిక సంక్షోభము పుట్టెను. 1826 జనవరిలో హర్స్ట్ రాబిన్సన్ సంస్థ కూలెను. దానితో కాన్‌స్టబుల్, అతనితో బాలంటైన్ కూలిరి. గుప్త భాగస్వామ్యము బట్టబయలాయెను. స్కాట్ తలపై పడిన భారము సుమారు 1,20,000 పౌండ్లు. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరములు.

దివాలా ప్రకటించి బయటపడుటకు ఆయనకు మార్గముండెను. పేరు తెలుపని ఒక ధనికుడు 30,000 పౌండ్లు ఇయ్యజూపెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆయన కుమార్తెలకు సంగీతము నేర్పిన ఒక ఉపాధ్యాయుడు సహితము తాను కూడబెట్టిన స్వల్పధనమును ఇచ్చెదననెను. స్కాట్ అందరికి కృతజ్ఞత తెలిపి, ఎవరి సొమ్మును తీసికొనలేదు. ఋణదాతలను వేడుకొన్నది ఒక్కటే, గడువు. వారును సమ్మతించి ధర్మకర్తలను నియమించిరి. రచనలవలన వచ్చు ఆదాయమంతయు ఆ ధర్మకర్తలకు చేరునట్లును, ఉద్యోగపు జీతముతో ఆయన జీవించునట్లును ఏర్పాటు జరిగెను. ఎడిన్‌బరోలోని ఇల్లు అమ్ముడుపోయెను. అబట్స్‌ఫర్డ్ ఎస్టేటు 1825లో పెద్దకుమారుని వివాహ సమయమున అతని పేర వ్రాయబడి యుండినందున నివాసము మాత్రము మిగిలెను.

ఇక్కడ గమనింపవలసినది కలదు. ఆయన తన అప్పును ఇకమీదట ఎవరి యొద్దను దాచలేదు. దాగిన అప్పు మనుష్యుని ఒంటరివానిగా చేయును. వెల్లడియైన అప్పు లెక్కకు లోబడును. భార్యకు తెలియని అప్పు, భర్తకు తెలియని చీటీ ఉన్న ఇంటిలో పట్టుదల నిలువదు. ఎంత ఉన్నదో ఇద్దరును కూర్చుండి కాగితముమీద వ్రాసిన దినమే తీర్చుట ఆరంభమగును.

వార్త తెలిసిన కొద్ది దినములకే స్కాట్ సగములో నున్న వుడ్‌స్టాక్ నవలను తిరిగి చేపట్టెను. దినమునకు ఇన్ని పుటలని నియమము పెట్టుకొని, ఎంత వ్రాసినది, ఎంత తప్పినది దినచర్య పుస్తకములో గుర్తించుచుండెను. 1,20,000 పౌండ్లను ఒక్కసారి తలంచినయెడల ఎవని చేయియైనను వణకును. నేటి పుటలను మాత్రమే తలంచినవాడు వ్రాయగలడు. బ్లాస్ట్ ఫర్నేసులో పని చేసినవారికి ఇది బోధపడును. ఒక్క దినపు మహాజ్వాల వలన ఇనుము ఉత్పత్తి కాదు. షిఫ్టు తరువాత షిఫ్టు, ముడి ఖనిజము, కోకు, సున్నపురాయి తగు పాళ్లలో వేయుచుండగా ఆరక మండుటవలననే ఇనుము కరగి వచ్చును.

శ్రమతోపాటు దుఃఖమును వచ్చెను. 1826 మే నెలలో, ఆయన ఉద్యోగ నిమిత్తము ఎడిన్‌బరోలో అద్దెగదిలో నుండగా, అబట్స్‌ఫర్డ్‌లో భార్య మరణించెను. సమాధి కార్యము ముగిసిన కొన్ని దినములకే ఆయన మరల కలము పట్టెను. 1827లో నెపోలియన్ చరిత్ర 9 సంపుటములుగా వెలువడెను. ఆ సంవత్సరమే అబుడ్ అను లండను వ్యాపారులు తమ బాకీకై ఆయనను నిర్బంధింపజూచిరి. సర్ విలియం ఫోర్బ్స్, తానును ఋణదాతలలో ఒకడైయుండి, ఎవరికిని తెలియకుండ తన సొమ్ముతో వారిని తృప్తిపరచెను. స్కాట్ ఆ సంగతిని అప్పుడు ఎరుగడు. అప్పు తీర్చువాని దీక్ష వెనుక అనేకమార్లు ఇట్టి మౌనమైన కనికరమొకటి నిలిచియుండును.

1827 ముగియునాటికి, అనగా రెండు సంవత్సరములలో, ఆయన కలము సుమారు 40,000 పౌండ్లు సంపాదించెను. ఋణదాతలకు పౌండునకు 6 షిల్లింగుల చొప్పున మొదటి చెల్లింపు జరిగెను. పౌండునకు 20 షిల్లింగులు గనుక, ఇది మూడవ వంతునకు కొంచెము తక్కువ. ఈ మొదటి చెల్లింపు ఆయనకు గొప్ప ఊరటనిచ్చెను. గమ్యము దూరమైనను, దాటివచ్చిన మైలురాయి కాళ్లకు బలమిచ్చును. 1829 నుండి నవలలన్నియు క్రొత్త పీఠికలతో నెలకొక సంపుటము చొప్పున, 5 షిల్లింగుల వెలకు వెలువడి విశేషముగా అమ్ముడుపోయెను. 1830 డిసెంబరులో పౌండునకు 3 షిల్లింగుల రెండవ చెల్లింపు జరుగగా, ఋణదాతలు ఆయన గ్రంథాలయమును, గృహోపకరణములను ఆయనకే బహుమానముగా తిరిగి యిచ్చిరి.

ఆయన ఆ సంవత్సరములలో సంతోషమును పూర్తిగా చంపుకొనలేదు. వ్యాధిగ్రస్తుడైన మనుమని కొరకు స్కాట్లండు చరిత్రను తాతగారి కథలుగా వ్రాసెను. తాను నాటిన చెట్ల మధ్య నడచెను. ఖర్చులేని ఆనందములను నిలుపుకొననివాడు దీర్ఘకాలపు అప్పును తీర్చలేడు. విసిగి ఒకనాడు అంతయు విడిచి, పండుగ పేరుతో మరల అప్పు చేయును.

అయినను ఈ కథలో హెచ్చరికయు కలదు. 1830 ఫిబ్రవరిలో ఆయనకు పక్షవాతము తగిలెను. వైద్యులు వలదన్నను ఆయన వ్రాత మానలేదు. 1831లో వెలువడిన చివరి నవలలలో పూర్వపు శక్తి కానరాదు. మాటిమాటికి వ్యాధి తిరుగబెట్టగా, ఆ యేటి అక్టోబరులో ప్రభుత్వము ఇచ్చిన ఓడలో మాల్టాకును, నేపుల్సుకును విశ్రాంతికై వెళ్లెను. అప్పటికి మనస్సు మసకబారి, అప్పంతయు తీరిపోయెనని ఆయన భ్రమించెను. ఋణము తీర్చుట ధర్మమే. కాని దేహమును దహించివేయునంత శ్రమను ధర్మమని చెప్పజాలము. వరుసగా ఓవర్‌టైము చేయు తండ్రి ఇంటివారికి సొమ్ముతోపాటు తానును కావలెనని మరువరాదు.

1832 జూలైలో అబట్స్‌ఫర్డ్ చేరిన స్కాట్, ఒకనాడు అల్లుడైన లాక్‌హార్టును చదివి వినిపింపుమని కోరెను. ఏ గ్రంథమని అడుగగా, గ్రంథమొకటే కదా అని సూచించెనట. అల్లుడు యోహాను సువార్త 14వ అధ్యాయమును చదివెను. 1832 సెప్టెంబరు 21న ఆయన కన్నుమూసెను. అప్పటికి సుమారు 54,000 పౌండ్లు మిగిలియుండెను. జీవిత బీమావలన వచ్చిన 22,000 పౌండ్లకు ప్రచురణకర్త కేడెల్ ఇచ్చిన 30,000 పౌండ్లు చేర్చి 1833లో ఋణదాతలతో లెక్క ముగించిరి. కేడెల్‌కు రావలసినది 1847లో గ్రంథముల హక్కులవలన తీరెను. ఆయన చనిపోయిన పిమ్మటను ఆయన పుస్తకములే బాకీ కట్టెను.

మనకు స్కాట్ కలము లేదు. ఆయన బిరుదును, జీతమును, పలుకుబడియు లేవు. మనకు వడ్డీకిచ్చినవారందరు ఫోర్బ్స్ వంటివారును కారు. కాని ఎలీషా దినములలో అప్పులపాలైన విధవరాలి సంగతి 2 రాజులు 4వ అధ్యాయములో చదువుదుము. ఇంటిలో ఏమున్నదని ప్రవక్త ఆమెను అడిగెను. ఉన్నది ఒక్క నూనెకుండ. అక్కడనే ఆరంభమాయెను. నూనె అమ్మి మొదట అప్పు తీర్చుమని, మిగిలినదానితో బ్రదుకుమని ఆమెకు ఆజ్ఞ కలిగెను. ఆ వరుస గమనింపదగినది.

చదువరీ, నీ అప్పు మొత్తమును నేడు తీర్చలేకపోవచ్చును. ఈ నెల వాయిదాను తీర్చవచ్చును. కట్టినదానిని గోడ క్యాలెండరుమీద గుర్తించి, ఇంటివారికి చూపుము. క్రొత్త సంతకమునకు చేయి చాపకుము. వచ్చే నెల మరల అట్లే చేయుము.