విశ్వకవి విన్న పల్లెపాట

విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు 1861 మే 7వ తేదీన కలకత్తాలోని జోరాసాంకో భవనంలో జన్మించాడు. తండ్రి మహర్షి దేవేంద్రనాథుడు బ్రహ్మసమాజ నాయకుడు. తల్లి శారదాదేవి. ఉపనిషత్పఠనం, శాస్త్రీయ సంగీతం, నాటక ప్రదర్శనలు ఆ ఇంట నిత్యకృత్యాలు. ఆంగ్ల సాహిత్యానికీ అక్కడ కొదవ లేదు. అంతటి విద్యావైభవం మధ్య పెరిగిన రవీంద్రుడు యౌవనంలో ఒక పల్లెటూరి తపాలా ఉద్యోగి పాటకు ముగ్ధుడై, దానిని జీవితాంతం హృదయంలో పదిలపరచుకొన్నాడు.

ఆ పాట బావుల్ సంప్రదాయానికి చెందినది. బావుల్ గాయకులు ఏకతార మీటుతూ బెంగాలు పల్లెలలో ఊరూరా తిరుగుతారు. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. వారికి కులమత భేదాలు లేవు. దేవుడు గుడిలోనో మసీదులోనో కాక మనిషి మనసులోనే కొలువై ఉన్నాడని వారి విశ్వాసం. ఆ అంతర్యామినే వారు మనసులోని మనిషిగా భావించి వెదకుతారు. తెలుగునాట తత్త్వాలు పాడే బైరాగులను ఎరిగిన వారికి ఈ గాయకులను ఊహించుకోవడం కష్టం కాదు.

రవీంద్రునికి బావుల్ పాటలతో సాన్నిహిత్యం మొదట పుస్తకం ద్వారా కలిగింది. 1883లో, అంటే ఇరవై రెండేళ్ళ ప్రాయంలో, ఆయన ఒక బావుల్ గేయ సంకలనాన్ని సమీక్షిస్తూ 'భారతి' పత్రికలో వ్యాసం రాశాడు. చదువుకున్నవారు పరాయి సాహిత్యాన్ని అనుకరించడంలో మునిగి ఉన్న ఆ రోజులలో, జాతి స్వంత గొంతు సామాన్యుల పాటలలో వినిపిస్తున్నదని ఆ యువకుడు గుర్తించాడు. అయితే అచ్చులో చదివిన పాట వేరు, గాయకుని కంఠాన విన్న పాట వేరు. ఆ భాగ్యం ఆయనకు కొన్నేళ్ళ తరువాత లభించింది.

తండ్రి ఆజ్ఞపై రవీంద్రుడు కుటుంబ జమీందారీ వ్యవహారాలు చూడడానికి పద్మానదీ తీరంలోని షిలాయిదహ గ్రామానికి వెళ్ళాడు. ఆ గ్రామం నేటి బంగ్లాదేశ్‌లోని కుష్టియా జిల్లాలో ఉంది. 1890 తరువాతి దశాబ్దంలో ఎక్కువ కాలం ఆయన ఆ ప్రాంతంలోనే, ఒక్కొక్కప్పుడు పద్మానదిపై పడవలోనే గడిపాడు. రైతుల కష్టసుఖాలను దగ్గరగా చూశాడు. తన ప్రసిద్ధ కథలలో అనేకం అక్కడే రాశాడు.

ఆ ఊరి తపాలా కార్యాలయంలో గగన్ అనే హర్కారా ఉండేవాడు. ఉత్తరాల సంచి మోసుకొని ఇంటింటికీ తిరగడం అతని ఉద్యోగం. జీతం స్వల్పం, చదువు అంతంతమాత్రం. కాని అతడు స్వయంగా పాటలు కట్టి పాడేవాడు. మనసుకు ప్రియమైన ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడో తెలియక దేశదేశాలు తిరిగే జీవుని ఆర్తి అతని పాటలలో ఒకదానికి వస్తువు. ఉపనిషత్తులు తపస్సు చేసి చెప్పిన సత్యాన్ని ఒక హర్కారా ఇంత తేలిక మాటలలో పాడడం రవీంద్రుని ఆశ్చర్యపరచింది. జమీందారుకూ తపాలా మోసే మనిషికీ మధ్యనున్న అంతరం ఆ పాట ముందు కరగిపోయింది.

1905లో బ్రిటిష్ ప్రభుత్వం బెంగాలును రెండుగా విభజించింది. ప్రజల ఆవేదనకు మాట కావలసి వచ్చింది. అప్పుడు రవీంద్రుడు 'అమార్ సోనార్ బాంగ్లా' గీతం రచించాడు. దానికి ఆయన ఎన్నుకొన్నది రాజాస్థానాల రాగం కాదు, గగన్ పాట బాణీ. పల్లెప్రజల నాలుకపై ఆడే వరుస కనుకనే ఆ గీతం వారి గుండెలను సులభంగా చేరింది. ఆ ఏడాది వెలువరించిన తన స్వదేశీ గేయాల పుస్తకానికి ఆయన 'బావుల్' అనే పేరు పెట్టాడు.

మహాకవి కీర్తిలో ఒక పేద గాయకుని పేరు మరుగునపడడం ఎంతో తేలిక. రవీంద్రుడు అలా జరగనివ్వలేదు. 1913లో నోబెల్ బహుమతి వచ్చి ప్రపంచమంతా తనవైపు చూస్తున్నప్పుడు, ఆయన ఆ చూపును పల్లె గాయకులవైపు మళ్ళించాడు. లాలన్ ఫకీరు 1890లో కన్నుమూసిన గొప్ప బావుల్ గాయకుడు. ఆయన పాటలను రవీంద్రుడు 'ప్రవాసి' పత్రికలో ప్రకటించాడు. 1916లో బాంకురా కరవు బాధితుల సహాయార్థం 'ఫాల్గుణి' నాటకం ప్రదర్శించినప్పుడు, తానే అంధుడైన బావుల్ వేషం ధరించాడు. 1922లో వెలువడిన 'క్రియేటివ్ యూనిటీ' అనే ఆంగ్ల గ్రంథంలో గగన్ పేరునూ, అతని హర్కారా వృత్తినీ స్పష్టంగా పేర్కొన్నాడు. మన్సూరుద్దీన్ సేకరించిన 'హారామణి' జానపద గేయ సంపుటికి పీఠిక రాస్తూ, తన పాటలెన్నింటిలోనో బావుల్ బాణీలు చేరాయని అంగీకరించాడు. హిందూ ముస్లిముల మనసులు కలిసిన చోటు ఈ పాటలలో ఉన్నదని సంతోషించాడు.

1925లో కలకత్తాలో జరిగిన భారత తత్త్వశాస్త్ర మహాసభకు అధ్యక్షత వహించినప్పుడు, పండితుల ఎదుట ఆయన పామరుల తత్త్వాన్ని గూర్చి ప్రసంగించాడు. 1930లో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, ఆక్స్‌ఫర్డులో మానవధర్మంపై ఇచ్చిన ఉపన్యాసాలలోనూ బావుల్ గాయకులను స్మరించాడు. యౌవనంలో నదీతీరాన విన్న పాట వార్ధక్యంలో ఆయన తత్త్వచింతనకు ఆధారమైంది.

1941 ఆగస్టు 7న రవీంద్రుడు తాను పుట్టిన జోరాసాంకో భవనంలోనే తుదిశ్వాస విడిచాడు. 1971లో అవతరించిన బంగ్లాదేశ్ 'అమార్ సోనార్ బాంగ్లా' గీతంలోని తొలి పది పంక్తులను జాతీయగీతంగా స్వీకరించింది. ఉత్తరాల సంచి భుజాన వేసుకొని ఒక హర్కారా పాడుకొన్న వరుస ఈ విధంగా ఒక జాతి గళమైంది. ఇతరుల నుండి స్వీకరించడం కవికి చిన్నతనం కాదు; స్వీకరించినదానిని మరచిపోవడమే చిన్నతనం. పేద గాయకుని ఋణాన్ని పదేపదే తలచుకొన్న రవీంద్రుని జీవితం ఈ సత్యాన్ని చాటుతున్నది.