జగదీశ్ చంద్రబోస్: వైద్యుడు కాలేకపోయినా రోగి ఎముకను చూపిన శాస్త్రవేత్త

ఖర్కాయ్ నదికి దగ్గరగా ఉన్న కద్మా, జంషెడ్‌పూర్‌లో తెలుగు మాట వినిపించే పేటల్లో ఒకటి. ఉక్కు కర్మాగారంలో పనికోసం తరాల క్రితం వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఛాతీ ఎక్స్‌రే కొత్త విషయం కాదు. కొలిమి వేడిలో, గని దుమ్ములో పనిచేసేవారి ఊపిరితిత్తుల స్థితిని వైద్యుడికి తెలిపేది ఆ చిత్రమే. ఆ కిరణాలను మన దేశంలో రోగుల కోసం వినియోగించిన తొలితరం వారిలో ఒకరు ఇప్పటి ఝార్ఖండ్‌లోని గిరిడీలోనే కన్నుమూశారు. ఆయనే ఆచార్య జగదీశ్ చంద్రబోస్. నిస్తంత్రీ తరంగాల పరిశోధకుడిగా, మొక్కల స్పందనలను కొలిచిన శాస్త్రవేత్తగా ఆయన లోకానికి తెలుసు. వైద్యంతో ఆయనకున్న అనుబంధం మాత్రం అంతగా ప్రచారం పొందలేదు.

బోస్ 1858 నవంబర్ 30న అవిభక్త బెంగాల్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వోద్యోగి అయినప్పటికీ కుమారుణ్ని మొదట మాతృభాషలో బోధించే పాఠశాలకే పంపారు. కలకత్తాలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఫాదర్ లాఫాంట్ చేసి చూపిన ప్రయోగాలు విద్యార్థి బోస్ మనసును భౌతిక శాస్త్రం వైపు మళ్లించాయి. అయినా 1880లో ఆయన లండన్ వెళ్లింది వైద్యం చదవడానికే. అస్సాంలో సోకిన జ్వరం ఆయనను అక్కడా విడువలేదు. శవపరీక్ష గదిలోని వాసనలకు అది మరింత ముదిరింది. చివరకు వైద్యవిద్యను వదులుకొని కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రాల అధ్యయనంలో చేరారు.

పట్టా పుచ్చుకొని 1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడిగా చేరిన బోస్‌కు అవమానం ఎదురైంది. ఐరోపావారికి ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే భారతీయులకు ఇచ్చేవారు. తాత్కాలిక నియామకం పేరిట ఆయనకు అందులోనూ సగమే నిర్ణయించారు. బోస్ పాఠాలు మానలేదు, జీతం మాత్రం ముట్టలేదు. తండ్రి అప్పుల్లో ఉన్న ఆ రోజుల్లో మూడేళ్లపాటు ఆ పట్టు సడలలేదు. చివరకు ప్రభుత్వం పూర్తి జీతాన్ని బకాయిలతో సహా చెల్లించగా, ఆ సొమ్ము తండ్రి అప్పులు తీర్చడానికి వెళ్లింది.

ఈ కష్టకాలంలోనే, 1887లో, ఆయన అబలా దాస్‌ను వివాహమాడారు. కలకత్తాలో స్త్రీలకు వైద్య కళాశాల ప్రవేశం లేకపోవడంతో ఆమె మద్రాసు వెళ్లి వైద్యం చదివారు. అనారోగ్యం వల్ల ఆమె చదువు కూడా మధ్యలో ఆగిపోయింది. వైద్యులు కావలసిన ఇద్దరూ వైద్యులు కాలేదు. అయితే రోగి అవసరం మరో దారిన ఆ ఇంటికి వచ్చింది.

1895 నవంబర్ 8న జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నారు. గాలి తీసివేసిన గాజు గొట్టంలో అధిక వోల్టేజీ విద్యుత్తును ప్రసరింపజేసినప్పుడు వెలువడే ఈ కిరణాలు మాంసం గుండా సాగిపోతాయి. కాల్షియం నిండిన ఎముక వాటిని చాలావరకు ఆపుతుంది. ఆ తేడాయే ఫోటో పలకపై నీడగా ఏర్పడుతుంది. వార్త కొద్ది వారాల్లోనే ప్రపంచమంతా పాకింది. అప్పటికే మిల్లీమీటర్ల పొడవున్న విద్యుదయస్కాంత తరంగాలను సృష్టిస్తున్న బోస్‌కు అధిక వోల్టేజీని పుట్టించే సాధనాలు కొత్త కావు. కలకత్తాలోనే తన సొంత ఎక్స్‌రే యంత్రాన్ని ఆయన సిద్ధం చేసుకున్నారు.

ప్రముఖ వైద్యుడు నీల్‌రతన్ సర్కార్ తన రోగులను ఆయన వద్దకు పంపేవారు. వెన్ను విరిగిన ఒక రోగిని మర్నాడు ఉదయం ఎనిమిది గంటలకు ఆ యంత్రంతో పరీక్షించవలసి ఉందని, వైద్యుని మాట కాదనలేకపోయానని మిత్రుడు రవీంద్రనాథ్ ఠాగూర్‌కు రాసిన లేఖలో బోస్ తెలిపారు. అంతకు ముందు విరిగిన ఎముక ఆచూకీ తెలియాలంటే చేతితో తడిమి చూడవలసిందే, లేదా కోసి చూడవలసిందే. ఆ బాధను తప్పించే సాధనం ఒక కళాశాల ప్రయోగశాలలో ఉండేది.

ఆ రోజుల్లో ఈ కిరణాల హాని ఎవరికీ పూర్తిగా తెలియదు. సీసపు కవచాలు లేవు. ఒక్క చిత్రానికి చాలాసేపు కిరణాలు సోకనివ్వవలసి వచ్చేది. ప్రపంచమంతటా తొలినాటి ఎక్స్‌రే నిపుణులు ఎందరో చేతివేళ్లను, కొందరు ప్రాణాలనే కోల్పోయారు.

రాంట్‌జెన్ తన ఆవిష్కరణకు పేటెంటు తీసుకోలేదు. బోస్ స్వభావం కూడా అదే. గెలీనా స్ఫటికంతో చేసిన గ్రాహకానికి మిత్రుల ఒత్తిడి మీద 1904లో అమెరికా పేటెంటు లభించినా, దాని నుంచి ఆయన ధనం ఆశించలేదు. అర్ధవాహక పరికరాలకు సంబంధించిన తొలి పేటెంట్లలో ఒకటిగా చరిత్రకారులు దాన్ని గుర్తిస్తున్నారు. ఈనాడు ఆసుపత్రుల్లోని డిజిటల్ ఎక్స్‌రే పలకలు పనిచేసేది అర్ధవాహకాలతోనే.

తరవాత బోస్ దృష్టి మొక్కల వైపు మళ్లింది. కంటికి ఆనని వాటి పెరుగుదలను క్రెస్కోగ్రాఫ్ ద్వారా అనేక రెట్లు పెంచి చూపారు. 1917లో కలకత్తాలో బోస్ పరిశోధన సంస్థను స్థాపించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1937 నవంబర్ 23న గిరిడీలో తుదిశ్వాస విడిచారు.

ఆయన ప్రయోగశాలలో కలిసిన రెండు రకాల తరంగాలూ ఇప్పుడు శరీరం లోపలిని చూపుతున్నాయి. ఎక్స్ కిరణాల నుంచి సీటీ స్కాన్ రూపొంది, 1971లో లండన్‌లో తొలి రోగిని పరీక్షించింది. అదే సంవత్సరం జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ప్రచురించిన గణిత పద్ధతి స్కాన్ చిత్రాల నిర్మాణాన్ని సులభతరం చేసింది. రేడియో తరంగాలు, అయస్కాంత క్షేత్రం కలిసి ఎంఆర్ఐకి ఆధారమయ్యాయి. కృష్ణా జిల్లాలో పుట్టిన రేడియాలజిస్టు డాక్టర్ కాకర్ల సుబ్బారావు హైదరాబాద్‌లోని నిమ్స్‌కు తొలి డైరెక్టరై ఈ విద్యకు తెలుగునాట పేరు తెచ్చారు.

కద్మాలో ఓ కార్మికుడు ఎక్స్‌రే పలక ముందు ఊపిరి బిగబట్టి నిలబడే క్షణం ఇప్పుడు రెప్పపాటుది. ఆ రెప్పపాటు వెనుక, మర్నాటి ఉదయం ఎనిమిది గంటలకు ఒక రోగికి మాట ఇచ్చిన భౌతికశాస్త్ర ఆచార్యుడి శ్రమ కూడా ఉంది.