పైరు ఆనవాలు ఆకాశం నుంచి పట్టిన పిషారటి

భారతదేశంలో రిమోట్ సెన్సింగ్‌కు పితామహుడిగా పేరొందిన పిషారత్ రామ పిషారటి వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రవేత్త. 1909 ఫిబ్రవరి 10న కేరళలోని కొల్లెంగోడ్‌లో జన్మించారు. సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసి, అనంతరం భారత వాతావరణ శాఖలో చేరారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. 1962లో పుణెలో ఏర్పాటైన ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థకు తొలి సంచాలకులయ్యారు. పదవీ విరమణ చేసిన ఆయనను విక్రం సారాభాయ్ అహ్మదాబాద్‌కు ఆహ్వానించారు. అరవై ఏళ్ల వయసులో అక్కడ చేపట్టిన పనే ఆయన పేరును చిరస్థాయిగా నిలిపింది.

ఆ కాలంలో కేరళ కొబ్బరి తోటలను వేరు వడలు తెగులు పీడిస్తోంది. ఏ చెట్టుకు సోకిందో కంటికి తెలిసేసరికి రైతు చేయగలిగేది అంతగా ఉండేది కాదు. పిషారటి బృందం పరారుణ కాంతిని గ్రహించే ప్రత్యేక ఫిల్మును కెమెరాల్లో అమర్చి, హెలికాప్టర్ నుంచి తోటలను చిత్రించింది. ఆరోగ్యవంతమైన ఆకు పరారుణ కాంతిని అధికంగా పరావర్తనం చేస్తుంది కనుక ఆ చిత్రాల్లో ఎర్రగా కనిపిస్తుంది. తెగులు సోకిన చెట్టులో ఆ ఎరుపు వెలవెలబోతుంది. దేశంలో రిమోట్ సెన్సింగ్ ప్రస్థానం ఈ ప్రయోగంతోనే ఆరంభమైందని చెబుతారు.

చెట్టు జబ్బును పసిగట్టిన చిత్రం చేలోని పైరు ఏదో కూడా చెప్పగలదా? పంట వివరాలు గ్రామ అడంగళ్ల నుంచి రాజధానికి చేరేసరికి కోతలు ముగిసేవి. ధాన్య సేకరణ, దిగుమతుల నిర్ణయాలు మాత్రం అంతవరకు ఆగేవి కావు. అందుకే పైరు చేలో ఉండగానే లెక్క తేలాలి. పిషారటి అహ్మదాబాద్‌లో రిమోట్ సెన్సింగ్ విభాగానికి సారథ్యం వహిస్తున్న రోజుల్లోనే ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి వర్షాధార అనంతపురం జిల్లాలోనూ, నీటి వసతి గల పాటియాలా జిల్లాలోనూ విమాన చిత్రాలతో పంటల గుర్తింపును పరీక్షించాయి.

ఒక్క చిత్రంతో పని జరగదు. నాట్ల వేళ నీరు నిలిచిన వరి మడి నల్లగా కనిపిస్తుంది, కొన్ని వారాలకు పచ్చబడుతుంది, కోతకు ముందు పండుబారుతుంది. ఒక తేదీన ఒకేలా కనిపించే రెండు పైర్లను ఈ క్రమమే వేరు చేస్తుంది. అందుకు ఒకే చేనును మళ్లీ మళ్లీ చూసే ఉపగ్రహం కావాలి. 1988 మార్చి 17న బైకనూర్ నుంచి ప్రయోగించిన ఐఆర్ఎస్-1ఎ ప్రతి 22 రోజులకోసారి అదే నేలను చిత్రించింది. దాంతో గోధుమ, వరి విస్తీర్ణాన్ని కోతకు ముందే అంచనా కట్టే కృషి ఊపందుకుంది. అయినా చిత్రంలోని రంగు ఏ పైరుదో నిర్ధారించుకోవడానికి చేలోకి వెళ్లి చూసే మనిషి అవసరం నేటికీ తీరలేదు.

ఖరీఫ్‌లో ఈ కెమెరాలకు అడ్డుపడేవి మేఘాలే. పిషారటి తొలి జీవితమంతా ఆ రుతుపవన మేఘాల అధ్యయనంలోనే గడవడం విచిత్రం.

1970లో పద్మశ్రీ, 1989లో ప్రపంచ వాతావరణ సంస్థ బహుమతి అందుకున్న ఆయన 2002 సెప్టెంబర్‌లో కన్నుమూశారు. మరో పదేళ్లకు, 2012 ఏప్రిల్ 26న, మేఘాలను చీల్చుకుని వరి మడిని చూడగల రాడార్‌తో రీశాట్-1 శ్రీహరికోట నుంచి నింగికెగసింది.